పరీక్షలు మామూలే, పని మాత్రం సాగదు: కుడి ఇన్సులా పక్షవాతం తర్వాత సృజనాత్మక ఆలోచన మీద ఒక కేస్ స్టడీ

మా పునరావాస విభాగానికి ఈ కేసును పంపిన న్యూరాలజిస్ట్ రిఫరల్ కాగితంలో ఒకే ప్రశ్న రాశారు: జ్ఞాపకశక్తి, భాష, ఏకాగ్రత పరీక్షలన్నిటిలోనూ వయసుకు తగిన ఫలితాలు వస్తున్న ఈ రోగి తన వృత్తిలోకి ఎందుకు తిరిగి వెళ్లలేకపోతున్నారు? రోగి నలభై ఏళ్లు దాటిన మహిళ, పుస్తకాలకు ముఖచిత్రాలు రూపొందించడం ఆమె వృత్తి. ఆమె అనుమతితోనే ఈ కేసును రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను మార్చాను. సృజనాత్మక పని కుంటుపడినప్పుడు ఆలోచనలు పుట్టించే శక్తి తగ్గిందా, లేక వాటిని తూచి చూసే శక్తి తగ్గిందా అని వెతకడం మా వృత్తిలో అలవాటు. ఈమెలో ఆ రెండూ నిలిచే ఉన్నాయి. ఒకదాని నుంచి మరొకదానికి తనంతట తాను మారగలగడమే దెబ్బతిన్నది.

పూర్వాపరాలు

ఒక ఉదయం నిద్ర లేచేసరికి ఆమె మూతి ఒక పక్కకు వంకరపోయింది, ఎడమ చేయి పట్టు తప్పింది, మాట ముద్దగా వచ్చింది. డిఫ్యూజన్ ఎమ్మారైలో కుడి ఇన్సులా ముందు భాగంలోనూ, దానికి ఆనుకుని, దాన్ని కప్పి ఉండే ఫ్రంటల్ ఆపర్క్యులమ్‌లో కొద్దిమేరా రక్తం అందక కణజాలం దెబ్బతిన్నట్టు కనిపించింది. మెదడు ముందు భాగమైన ఫ్రంటల్ లోబుకూ, పక్క భాగమైన టెంపొరల్ లోబుకూ మధ్య మడతలో లోపలికి దాగి ఉండే మెదడు పైపొరను, అంటే కార్టెక్స్‌ను ఇన్సులా అంటారు. మధ్య సెరిబ్రల్ ధమని నుంచి విడివడే సన్నని కొమ్మలు దానికి రక్తాన్ని అందిస్తాయి. పెద్ద ధమని మూసుకుపోయినప్పుడు చుట్టుపక్కల భాగాలతో కలిసి ఇన్సులా దెబ్బతినడం తరచుగా చూసేదే గానీ, ఇంత పరిమితంగా అక్కడికే ఆగిపోయిన గాయం అరుదు.

కొన్ని వారాల్లో చేయి, మాట బాగుపడ్డాయి. నోటికి రుచి సరిగా తెలియకపోవడం, త్వరగా అలసిపోవడం మాత్రం మిగిలాయి. కొన్ని నెలల విశ్రాంతి తర్వాత ఆమె తిరిగి బల్ల ముందు కూర్చున్నారు. అసలు ఇబ్బంది బయటపడింది అప్పుడే.

దాన్ని ఆమె రెండు రకాలుగా వివరించారు. కొన్ని రోజులు చేయి ఆగకుండా రఫ్ స్కెచ్‌లు వేస్తూ పోయేవారు. సాయంత్రానికి బల్ల నిండా కాగితాలు ఉన్నా, అన్నీ ఒకే ఊహకు చిన్నచిన్న మార్పులుగా తేలేవి. మరికొన్ని రోజులు మొదటి గీత పూర్తి కాకముందే అది బాగోలేదని చెరిపేసేవారు, రెండోదీ అంతే, మూడోదీ అంతే. పైకి చూస్తే మొదటిది అదుపు తప్పిన ఉత్సాహంలా, రెండోది దిగులులా కనిపిస్తుంది. ఆమెను అంతకుముందు చూసిన వైద్యులొకరు రెండోదాన్ని కుంగుబాటుగా భావించి మందు మొదలుపెట్టారు; దానివల్ల తేడా ఏమీ రాలేదు. ఆమె మాత్రం ఈ రెండింటినీ ఒకే ఇబ్బందిగా చెప్పారు: "ఆలోచనలు రావడం లేదని కాదండీ. గీస్తూ ఉండగా ఇక్కడ ఆగు, ఇందులో ఏదో ఉంది అని ఇంతకుముందు ఒంట్లోనే తెలిసేది. ఇప్పుడు తెలియడం లేదు. ఆగితే ఆగిపోతున్నాను, సాగితే సాగిపోతున్నాను."

ఆమెతో చాలాకాలంగా పనిచేస్తున్న ఆర్ట్ డైరెక్టర్‌తో ఆమె అనుమతి తీసుకుని మాట్లాడాను. ఇదివరకు ఒక పుస్తకానికి ఆమె ఒకదానితో ఒకటి పోలిక లేని రెండు మూడు రఫ్‌లు పంపేవారని, ఇప్పుడు అంతకు ఎన్నో రెట్లు పంపుతున్నా అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటున్నాయని ఆయన చెప్పారు. గీతలో పట్టు, రంగుల ఎంపిక, అక్షరాల కూర్పు ఏమాత్రం తగ్గలేదని కూడా అన్నారు.

మామూలు పరీక్షలు ఏం చెప్పాయి

ఈ భాగం క్లుప్తంగా ముగిస్తాను. అంకెలను ముందుకూ వెనక్కూ చెప్పడం, మాటల జాబితాను గుర్తుంచుకోవడం, ఒక అక్షరంతో మొదలయ్యే పదాలు చెప్పడం, రంగు పేరును చదవకుండా అది రాసిన సిరా రంగును చెప్పే స్ట్రూప్ పరీక్ష, అన్నీ సాధారణ స్థాయిలోనే ఉన్నాయి. ఎడమవైపు చూపును నిర్లక్ష్యం చేసే లక్షణం లేదు. ట్రెయిల్ మేకింగ్ పరీక్షలో అంకెలను మాత్రమే కలిపే మొదటి భాగం, అంకెనూ అక్షరాన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా కలిపే రెండో భాగం రెండింటినీ తప్పుల్లేకుండా పూర్తి చేశారు; రెండోదానిలో కాస్త నెమ్మది ఉన్నా అది హద్దుల్లోనిదే. కుంగుబాటు లక్షణాలు గుర్తించదగినంతగా లేవు. అలసట ఉంది గానీ, ఉదయం తాజాగా ఉన్నప్పుడు కూడా ఆమె ఇబ్బందిలో మార్పు లేదు కాబట్టి దాన్నే కారణంగా తీసుకోలేకపోయాను.

ట్రెయిల్ మేకింగ్ రెండో భాగం దగ్గర మాత్రం కొంత ఆగాలి. మార్పు చేయగల సామర్థ్యానికి ఇది మంచి కొలమానమని మాకు నేర్పుతారు. అయితే అందులో ఎప్పుడు మారాలో కాగితమే చెబుతుంది: అంకె తర్వాత అక్షరం, అక్షరం తర్వాత అంకె. ముఖచిత్రం గీసేవారికి అలా చెప్పే కాగితం ఏదీ ఉండదు. ఊహిస్తూ ఊహిస్తూ ఎక్కడ ఆగి తూచి చూడాలో, తూచిన తర్వాత ఎప్పుడు మళ్లీ ఊహకు పగ్గాలు వదలాలో వారే నిర్ణయించుకోవాలి. బయటి సూచనతో జరిగే మార్పు బాగుందన్నంత మాత్రాన లోపలి సూచనతో జరిగే మార్పు కూడా బాగున్నట్టు కాదు. రిఫరల్ కాగితంలోని ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుందని నాకు అనిపించింది.

మూడు నెట్‌వర్క్‌ల పని

ఆ అనుమానానికి ఆధారం గత పాతికేళ్ల పరిశోధన. మెదడు శరీర బరువులో దాదాపు 2 శాతమే అయినా, మనం ఊరకే ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతం అదే వాడుకుంటుంది. ఏదైనా పని మీద దృష్టి పెట్టినప్పుడు ఆ ఖర్చు పెరిగేది చాలా కొద్దిగానే. ఊరకే ఉన్న మెదడు ఏం చేస్తోందన్న ప్రశ్న నుంచే 2001లో మార్కస్ రైకిల్ బృందం 'డీఫాల్ట్ మోడ్' అనే భావనను ప్రతిపాదించింది. మీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్, పోస్టీరియర్ సింగ్యులేట్, ప్రీక్యూనియస్, యాంగ్యులర్ గైరస్ ఈ నెట్‌వర్క్‌లో, అంటే కలిసి పనిచేసే ఈ మెదడు భాగాల సముదాయంలో, ముఖ్యమైనవి. గతాన్ని తలచుకోవడం, జరగనిదాన్ని ఊహించడం, దూరపు విషయాల మధ్య సంబంధం తోచడం వంటి వేళల్లో ఇది చురుగ్గా ఉంటుంది. రెండోది ఎగ్జిక్యూటివ్ కంట్రోల్ నెట్‌వర్క్: ఫ్రంటల్ లోబులో పక్క భాగమైన డోర్సోలేటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్, పెరైటల్ లోబులో వెనుక భాగం కలిసి లక్ష్యాన్ని మనసులో నిలుపుతాయి, అక్కరలేనిదాన్ని తోసిపుచ్చుతాయి, పోల్చి చూస్తాయి.

2005లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం తర్వాత, డీఫాల్ట్ నెట్‌వర్క్ ఒకవైపు, పని మీద దృష్టి పెట్టే నెట్‌వర్క్‌లు మరొకవైపు ఎదురుబొదురుగా ఉంటాయని, ఒకవైపు లేస్తే మరొకవైపు తగ్గుతుందని చాలామంది నమ్మారు. సృజనాత్మక ఆలోచనను స్కానర్‌లో చూసినవారికి ఆ చిత్రం సరిపోలేదు. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కళా విద్యార్థుల చేత స్కానర్‌లోనే పుస్తక ముఖచిత్రాలు గీయించారు. కొంతసేపు ఊహలు గీయమని, కొంతసేపు గీసినవాటిని విమర్శించమని వేర్వేరుగా అడిగారు. మా రోగి వృత్తి కూడా అదే కావడం కాకతాళీయమే అయినా, పరీక్షలు తయారుచేసేటప్పుడు నాకు చాలా పనికొచ్చింది. ఊహించే దశలో టెంపొరల్ లోబు లోపలి భాగం ఎక్కువ చురుగ్గా కనిపించగా, విమర్శించే దశలో ఎగ్జిక్యూటివ్, డీఫాల్ట్ నెట్‌వర్క్‌లు రెండూ కలిసి పనిచేశాయి. తీర్పు చెప్పడమంటే చల్లని తర్కం ఒక్కటే అయి ఉంటే, అక్కడ డీఫాల్ట్ నెట్‌వర్క్‌తో పని ఉండేది కాదు.

రోజర్ బీటీ బృందం 2018లో 163 మంది మీద చేసిన అధ్యయనంలో, డీఫాల్ట్, ఎగ్జిక్యూటివ్ నెట్‌వర్క్‌లు, కింద వివరించబోయే సేలియన్స్ నెట్‌వర్క్, ఈ మూడింటి ముఖ్య కేంద్రాల మధ్య అనుసంధానం ఎంత గట్టిగా ఉంటే, వారి ఊహల్లో కొత్తదనం అంత ఎక్కువగా ఉన్నట్టు తేలింది. 2025లో వచ్చిన మరో పెద్ద అధ్యయనం పది వేర్వేరు నమూనాల నుంచి 2,433 మంది స్కాన్‌లను కలిపి చూసింది. డీఫాల్ట్, ఎగ్జిక్యూటివ్ నెట్‌వర్క్‌ల మధ్య మెదడు ఎంత తరచుగా మారుతూ ఉంటుందన్నదాన్ని బట్టి సృజనాత్మక సామర్థ్యాన్ని అంచనా వేయవచ్చని, తెలివితేటలను మాత్రం అలా అంచనా వేయలేమని అది చెప్పింది. కుడి మెదడు కళాకారులది, ఎడమ మెదడు లెక్కలవారిది అనే మాట ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో వినిపిస్తూనే ఉంటుంది. పై ఫలితాల్లో దానికి చోటే లేదు.

మార్పును ఎవరు మొదలుపెడతారు? మూడోదైన సేలియన్స్ నెట్‌వర్క్ ఇక్కడ వస్తుంది. దాని ప్రధాన కేంద్రాలు ఇన్సులా ముందు భాగం, యాంటీరియర్ సింగ్యులేట్ పై భాగం. బయటి నుంచి గానీ, లోపలి నుంచి గానీ వచ్చే వందల సంకేతాల్లో ఇప్పుడు పట్టించుకోవలసింది ఏదో ఇది గుర్తిస్తుంది. వేర్వేరు పనుల్లో కుడి ఇన్సులా ముందు భాగపు చర్య మిగతా రెండు నెట్‌వర్క్‌ల చర్య కంటే ముందుగా మొదలవుతుందని, ఒకదాన్ని తగ్గించి మరొకదాన్ని లేపడంలో దానికి కీలక పాత్ర ఉందని 2008లో వినోద్ మీనన్ బృందం వాదించింది. గుండె దడ, కడుపులో కదలిక వంటి శరీరపు లోపలి స్థితిని గ్రహించడంలో కూడా ఇన్సులాకు ముఖ్య పాత్ర ఉంది. "ఒంట్లోనే తెలిసేది" అని ఆమె అన్న మాటను నేను అలంకారంగా తీసుకోకపోవడానికి ఇదే కారణం.

ఈ కేసు కోసం తయారుచేసిన పరీక్షలు

మనస్తత్వవేత్త గిల్ఫర్డ్ కాలం నుంచి వాడుకలో ఉన్న ప్రత్యామ్నాయ ఉపయోగాల పరీక్షను (ఒక మామూలు వస్తువుకు వేర్వేరు ఉపయోగాలు చెప్పమనే పరీక్ష) మూడు విధాలుగా విడగొట్టాను. మొదటి విధంలో, తోచినదల్లా చెప్పాలి, మంచిచెడ్డలు చూడకూడదు. ఇటుకకు ఆమె చెప్పిన ఉపయోగాల్లో తలుపుకు అడ్డు పెట్టడం వంటి మామూలువాటితో పాటు, పొడిచేసి ఎర్ర రంగుగా వాడటం, తడిపి దాని మీద ఆవిరి గీసే మచ్చలను ఫొటో తీయడం వంటివి కూడా ఉన్నాయి. రెండో విధంలో, ఇతరులు చెప్పిన ఉపయోగాల జాబితాను ఇచ్చి కొత్తదనాన్ని బట్టి అంచనా వేయమన్నాను. ఆమె పాత ముఖచిత్రాలనూ కొత్త రఫ్‌లనూ కలిపేసి ఏవి బాగున్నాయో ఎంచమన్నాను కూడా. ఆమె ఎంపికలు, ఆర్ట్ డైరెక్టర్ విడిగా చేసిన ఎంపికలతో చాలావరకు కలిశాయి. తన రఫ్‌లు ఒకేలా ఉన్నాయని ఎవరూ చెప్పకుండానే ఆ జాబితాలో ఆమే కనిపెట్టారు.

మూడో విధంలో, పరిమిత సమయంలో బాగా కొత్తగా ఉన్నవి మాత్రమే చెప్పాలి. పుట్టించడం, తూచడం రెండూ ఆమె తనలో తానే మార్చి మార్చి చేసుకోవాలి. ఇక్కడ ఫలితం పూర్తిగా తారుమారైంది. ఒక వస్తువుకు నిమిషాల తరబడి మౌనంగా ఉండి ఒక్కటీ చెప్పలేదు. మరో వస్తువుకు మొదట తోచిన ఊహనే సాగదీస్తూ పోయారు. ఆ తర్వాత అదే పరీక్షలో, కొద్ది వ్యవధికొకసారి నేను బల్ల మీద మెల్లగా తట్టి, ఇప్పటివరకు తోచినవాటిలో ఒకటి ఎంచుకోమని చెప్పాను. జవాబులు వెంటనే మారాయి, మొదటి విధంలో కనిపించిన కొత్తదనం తిరిగి వచ్చింది. ఒక్క తట్టుతో ఇంత తేడా రావడం నా దృష్టిలో ఈ మొత్తం కేసులో అతి ముఖ్యమైన పరిశీలన. మిగతాదంతా దీని చుట్టూ అల్లుకున్న వివరణే.

గాయపు స్థానానికీ ఈ తీరుకూ పొంతన ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. ఫ్రంటల్ లోబు దెబ్బతిన్న రోగుల మీద 2018లో బెండెటోవిచ్, వోల్ తదితరులు ప్రచురించిన పని పోల్చడానికి ఉపయోగపడింది. అందులో మధ్య గీతకు దగ్గరగా, డీఫాల్ట్ నెట్‌వర్క్‌కు చెందిన ముందు భాగం దెబ్బతిన్నవారికి దూరపు సంబంధాలు తోచడమే కష్టమైంది. ఎడమ పక్కన ఎగ్జిక్యూటివ్ నెట్‌వర్క్‌కు చెందిన ముందు భాగం దెబ్బతిన్నవారికి విడివిడి ఊహలను కలపడం కష్టమైంది. మా రోగిలో ఆ రెండు భాగాలూ చెక్కుచెదరలేదు, వాటికి సంబంధించిన సామర్థ్యాలూ నిలిచే ఉన్నాయి.

నెట్‌వర్క్‌ల అనుసంధానాన్ని చూపే విశ్రాంతి స్థితి ఎఫ్ఎమ్ఆర్ఐ తీయించమని ఆమె కుటుంబం అడిగింది. నేను ఒప్పుకోలేదు. పైన చెప్పిన అధ్యయనాలన్నీ గుంపుల సగటుల మీద నిలబడినవి. ఒక మనిషిని కొన్ని నిమిషాలు స్కాన్ చేసి ఈమెలో మార్పుల సంఖ్య తగ్గిందని చెప్పడానికి ఆ కొలత ఇంకా అంత నమ్మదగినది కాదు. పైగా ఎఫ్ఎమ్ఆర్ఐ కొలిచేది నాడీకణాల చర్యను నేరుగా కాదు, దాని వెంట కొన్ని సెకన్ల ఆలస్యంగా వచ్చే రక్తప్రవాహపు మార్పును. పక్షవాతం తర్వాత ఆ రక్తప్రవాహపు స్పందనే మారిపోయి ఉండవచ్చు. స్కాన్‌లో తేడా కనిపించినా, కనిపించకపోయినా చికిత్స మారదు. అలాంటి స్కాన్ రోగికి అనవసరమైన బెంగను మాత్రమే మిగులుస్తుందని నా అభిప్రాయం.

చికిత్స

ఎదురుగా ఉన్న లోపం లోపలి సూచనది కాబట్టి, బయటి సూచనతో మొదలుపెట్టి దాన్ని క్రమంగా ఆమె చేతికే అప్పగించాలన్నది ప్రణాళిక. చికిత్స మొదలుపెట్టకముందే మూడో విధం పరీక్షను వేర్వేరు వస్తువులతో పలుమార్లు చేయించాను. ఫలితం మెరుగుపడకుండా ఒకే చోట ఉంది. ఈ ముందస్తు కొలత లేకపోతే ఆ తర్వాత ఏం జరిగినా దాన్ని చికిత్స ఫలితమని చెప్పుకునే హక్కు నాకు ఉండేది కాదు.

మొదటి దశలో రెండు పనులనూ పూర్తిగా వేరు చేశాం. ఉదయం టైమర్ పెట్టుకుని గీయడమే. రబ్బరు బల్ల మీద ఉండకూడదు, గీసిన కాగితాన్ని తిప్పి పెట్టాలి. మర్నాడు అవే కాగితాలను గోడ మీద వరుసగా అంటించి, ఆమే ముందుగా రాసుకున్న ప్రశ్నలతో తూచడం: దూరం నుంచి చదవడానికి వీలుందా, పుస్తకం చెప్పని మాట ఏదైనా ఈ బొమ్మ చెబుతోందా, పక్క కాగితానికీ దీనికీ నిజంగా తేడా ఉందా. మూడో ప్రశ్న ఆమె పట్టుబట్టి చేర్చినది. ఈ దశలో గీయడం సులువుగా సాగింది గానీ, ఇది తన పని తీరు కాదని ఆమె చాలాసార్లు అసహనపడ్డారు. ఆ అసహనంలో న్యాయం ఉంది. ఆరోగ్యవంతుడైన రూపకర్త ఒక్క రఫ్‌లోనే ఎన్నోసార్లు ఇటూ అటూ మారతాడు; ఒక రోజు ఊహ, ఒక రోజు తీర్పు అన్న విభజన చికిత్సకు పనికొచ్చే కర్రే గానీ నడక కాదు.

రెండో దశలో వ్యవధిని క్రమంగా తగ్గించాం. టైమర్ మోగినప్పుడల్లా పెన్ను కింద పెట్టి, కుర్చీని వెనక్కు జరిపి, ఒక్క వాక్యంలో తీర్పు రాసి, మళ్లీ గీయాలి. కుర్చీ జరపడం ఏదో లాంఛనంగా పెట్టింది కాదు. మార్పును శరీరపు కదలికతో ముడిపెట్టడం వల్ల సూచన మరింత స్పష్టంగా ఉంటుందని నా ఆలోచన, ఆమెకు అది నచ్చింది కూడా. మూడో దశలో టైమర్‌ను తీసేసి, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే గుర్తులను ఆమె చేతే చెప్పించాం: ఒకే ఆకారం మూడోసారి వస్తే ఆగాలి, చెరపాలనిపించిన మొదటిసారి చెరపకుండా పక్కన ఇంకొకటి గీయాలి. ఒకప్పుడు ఒళ్లు చెప్పినదాన్ని ఇప్పుడు కళ్లతో లెక్కపెట్టుకుంటున్నారన్నమాట.

మధ్యలో ఆమె తనంతట తానుగా మరో పద్ధతిని ప్రయత్నించారు. మనసును స్వేచ్ఛగా తిరగనిస్తే సృజన పెరుగుతుందని ఎక్కడో చదివి, ఏ పనీ పెట్టుకోకుండా గంటల తరబడి నడిచేవారు. విరామంలో మనసు తిరగాడటం కొందరికి మేలు చేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి. ఈమెకు అది సరిపోలేదు: తిరగాడటం ఎలాగూ ఆమెకు వచ్చు, అందులోంచి బయటికి రావడమే రాదు. నడిచి వచ్చిన రోజుల్లో రఫ్‌లు మరింతగా ఒకేలా ఉండేవి. ఒకే సలహాను అందరికీ ఇవ్వకూడదనడానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం నాకు ఎదురుకాలేదు.

ఫలితం, దాని హద్దులు

మూడో దశ చివరికి, సూచన ఇవ్వకుండా చేసిన మూడో విధం పరీక్షలో ఆమె జవాబుల కొత్తదనం మొదటి విధంలోని స్థాయికి దగ్గరగా వచ్చింది, పట్టే సమయం మాత్రం ఎక్కువగానే ఉంది. ఆర్ట్ డైరెక్టర్‌కు పంపిన రఫ్‌ల సంఖ్య తగ్గింది, వాటి మధ్య తేడా పెరిగింది. ఏవి చికిత్సకు ముందువో ఏవి తర్వాతవో చెప్పకుండా ఆయన చేత విభజింపజేస్తే, దాదాపు పొరపాటు లేకుండా చెప్పగలిగారు.

ఇది చికిత్స వల్లనే జరిగిందని తేల్చడానికి అడ్డంకులు ఉన్నాయి. పక్షవాతం తర్వాత నెలల తరబడి సహజంగా కోలుకోవడం కొనసాగవచ్చు. ముందస్తు కొలతలు నిలకడగా ఉన్నాయన్న ఒక్క ఆధారం ఆ అవకాశాన్ని తగ్గిస్తుందే గానీ తుడిచేయదు. గాయం కొంత ఆపర్క్యులమ్‌లోకి కూడా పాకింది కాబట్టి, లోపమంతా ఇన్సులాదేనని కూడా చెప్పలేను. వృత్తి అలవాటు బలంగా ఉన్న మనిషి కావడం వల్ల ప్రశ్నలు రాసుకోవడం, గోడ మీద అంటించి చూడడం ఆమెకు ఇట్టే అబ్బాయి. ఎప్పుడూ ఒకరి సూచన మేరకు పనిచేసిన మనిషిలో ఇదే లోపం ఉంటే అది బయటపడకుండానే ఉండిపోయేదేమో.

చివరిసారి చూసినప్పుడు ఆమె గడువు కాస్త ఎక్కువగా ఉన్న పుస్తకాలను మాత్రమే ఒప్పుకుంటున్నారు, ఒక్క రోజులో ఇవ్వవలసినవాటిని తిప్పి పంపుతున్నారు. మూడోసారి అదే ఆకారం వస్తే ఆగాలన్న నియమాన్ని ఇప్పుడు లెక్కపెట్టకుండానే పాటిస్తున్నానని చెప్పారు. ఒంట్లో తెలియడం తిరిగి వచ్చిందా అని అడిగితే లేదనే అన్నారు. రుచి తెలియడం కూడా పూర్తిగా తిరిగి రాలేదు. ఈ రెండూ ఒకే గాయపు ఫలితాలా అన్నది తేల్చడానికి, రెండింటినీ కలిపి కొలిచే తర్వాతి పరీక్షకు ఆమె ఒప్పుకున్నారు.